ఫాంటసీ డ్రామాని విశ్లేషించమంటే కథ రాసి ఇస్తున్నాను, పొరపాటు ఎక్కడ?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. మాస్ కమ్యూనికేషన్ కోర్సులో ఏదైనా ఒక ఫాంటసీ టీవీ డ్రామా ఎపిసోడ్ తీసుకుని అందులో మీడియా లాంగ్వేజ్‌నీ, రిప్రజెంటేషన్‌నీ విశ్లేషించమన్నారు. మీరు బీబీసీ 'మెర్లిన్' (ఆర్థర్ రాజు కథల్లోని మాంత్రికుడు మెర్లిన్ కుర్రతనం మీద తీసిన సీరియల్) మొదటి ఎపిసోడ్ మీద ఆరు పేజీలు రాసి ఇచ్చారు. మీ సార్ "ఇది కథ, విశ్లేషణ కాదు" అని పైన రాసి తిప్పి పంపారు. కథ చెప్పకుండా విశ్లేషణ ఎలా రాస్తారన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. ఎపిసోడ్ మొత్తం రాయకండి. నాలుగైదు క్షణాలు ఏరుకోండి. ఒక్కోదానికి మూడు సంగతులు రాయండి: తెర మీద ఏం చేశారు, అదే పని ఇంకోలా చేసి ఉంటే మనకు ఏమనిపించేది, దాని వల్ల ఏ రకం మనుషులు ఎలాంటివాళ్లుగా కనబడుతున్నారు. మొదటిది అందరూ రాస్తారు. మూడోది కొందరు రాస్తారు. మధ్యలో ఉన్నదాన్ని దాదాపు అందరూ ఎగరగొట్టేస్తారు, మార్కులు పోయేది అక్కడే.

నేను ఇంగ్లండ్‌లో పదహారు, పదిహేడేళ్ల పిల్లలకు మీడియా స్టడీస్ చెబుతున్నాను. ఇక్కడ ఒకప్పుడు ఏఎస్ లెవల్‌లో (మన ఇంటర్ మొదటి ఏడాది లాంటిది) టీవీ డ్రామా పేపర్ ఒకటి ఉండేది. ముందెప్పుడూ చూడని నాలుగైదు నిమిషాల క్లిప్‌ని నాలుగుసార్లు వేసేవారు. కెమెరా, ఎడిటింగ్, సౌండ్, మీజాన్‌సెన్ (అంటే ఫ్రేమ్‌లో పెట్టిన సెట్టు, బట్టలు, సామాను, లైటింగ్, నటుల కదలిక) ఈ నాలుగింటితో ఒక వర్గాన్ని ఎలా చూపించారో రాయాలి. వర్గం అంటే ఆడా మగా, వయసు, జాతి, హోదా, ప్రాంతం, వైకల్యం, లైంగికత, వీటిలో ఏదో ఒకటి. సిలబస్ మారింది కానీ ఆ పేపర్ నేర్పిన అలవాటు మాత్రం నేను వదల్లేదు.

మాటల గొడవ ముందు తేల్చేద్దాం. రిప్రజెంటేషన్‌ని ప్రాతినిధ్యం అని రాస్తే మనవాళ్లకి ఎమ్మెల్యే సీటు గుర్తొస్తుంది. చిత్రణ అనుకోండి, సరిపోతుంది. ఎవర్ని ఎలా చిత్రించారు అన్నది రిప్రజెంటేషన్. ఆ చిత్రించడానికి వాడిన సరంజామా మీడియా లాంగ్వేజ్. రెండూ వేరు వేరు చాప్టర్లు కావు. మీరు మూడు పేజీలు షాట్ల గురించి, మూడు పేజీలు స్త్రీల గురించి రాసి ఉంటారని నా అనుమానం. అలా విడదీస్తే రెండూ చచ్చిపోతాయి.

ఇక ఫాంటసీకి ఒక ప్రత్యేకత ఉంది. ఏ చారిత్రక సీరియల్ గురించి మాట్లాడినా క్లాసులో ఒకరు లేచి "ఆ రోజుల్లో అలాగే ఉండేవాళ్లు కదా మేడమ్" అంటారు. ఫాంటసీలో ఆ సాకు చెల్లదు. డ్రాగన్ మాట్లాడే ఊళ్లో పనిమనిషి పనిమనిషిగానే ఎందుకుంది? రచయిత అలా ఉంచాడు కాబట్టి. ఫాంటసీలో ప్రతిదీ ఎవరో ఒకరు ఎంచుకున్నదే. 'మెర్లిన్' కోటనే తీసుకోండి. ఆర్థర్ వాళ్ల రాజ్యం కామెలాట్ అని మనకు చూపించింది ఫ్రాన్స్‌లోని పియర్‌ఫోన్ కోట. చూడగానే 'అబ్బ, ఎంత పాతదో' అనిపిస్తుంది. అసలు సంగతేమిటంటే, పాడుబడ్డ ఆ కోటని 19వ శతాబ్దంలో మూడో నెపోలియన్ చెబితే వియొలే-ల-డ్యూక్ అనే ఆర్కిటెక్ట్ మళ్లీ కట్టాడు, మధ్యయుగం అంటే ఇలా ఉండాలని తాను అనుకున్నట్టు. అంటే మనం చూస్తున్న 'పాతకాలం' ఒకరి ఊహ, దాని మీద టీవీ వాళ్ల ఊహ ఇంకో పొర.

మన లెక్కలో ఇది జానపదం. రాజు, యువరాజు, మాంత్రికుడు, శాపం, అన్నీ ఉన్నాయి. కానీ మన పాత జానపదాల్లో మాంత్రికుడు సాధారణంగా విలన్, పుర్రెలూ గుహా ఆయన సామగ్రి. ఇక్కడ మాంత్రికుడే హీరో, అదీ పల్లెటూరి కుర్రాడు, చివరికి యువరాజు బూట్లు తుడిచే ఉద్యోగంలో చేరతాడు. ఈ తిరగేసిన లెక్క ఒక్కటి పట్టుకున్నా మీకు రెండు పేజీల సరుకు దొరుకుతుంది.

ఇప్పుడు ఎపిసోడ్‌లోకి వద్దాం. మెర్లిన్ కామెలాట్‌లో అడుగు పెట్టగానే చూసేది ఒక మరణశిక్ష. థామస్ కాలిన్స్ అనేవాడు మంత్రవిద్య వాడాడని తల తీస్తారు. రాజు ఊథర్ పైన బాల్కనీలో, జనం కింద ప్రాంగణంలో. కెమెరాని ఎక్కడ పెట్టినా ఆ ఎత్తు తేడా పోదు, సెట్టే ఆ పని చేసిపెడుతోంది. వెంటనే జనంలోంచి ఒక ముసలావిడ గొంతెత్తుతుంది. ఈ రాజ్యంలో దుర్మార్గం మంత్రవిద్య కాదు, నువ్వే, నీ ద్వేషమే అంటుంది. కన్నుకు కన్ను, కొడుక్కి కొడుకు అని శపించి మాయమవుతుంది. ఆవిడ థామస్ తల్లి.

మీ పేపర్‌లో ఈ సీన్ ఇలా రాసి ఉంటారు: "రాజు మరణశిక్ష వేస్తాడు, తల్లి వచ్చి శపిస్తుంది, దీన్నిబట్టి రాజు క్రూరుడని తెలుస్తుంది." నేనైతే ఇలా రాయిస్తాను:

"శిక్ష వేసేవాడు ఎత్తులో, శిక్ష పడేవాడూ చూసేవాళ్లూ నేల మీద ఉన్నారు. కాబట్టి న్యాయం పైనుంచి కిందికి దిగేదిగా, ఎవరూ ప్రశ్నించలేనిదిగా కనిపిస్తుంది. ఆ ఎత్తుని ప్రశ్నించే ఒకే గొంతు ఒక పేద, వృద్ధ స్త్రీది. రాజు ఎదురుగా అదే ఎత్తులో నిలబడిన మంత్రి చేత ఈ మాట అనిపించి ఉంటే అది రాజకీయ వాదన అయ్యేది. గుంపులోని తల్లి చేత అనిపించడంతో అది ఏడుపుగా, ఆ వెంటనే శాపంగా మారిపోయింది. మాట న్యాయమైనదే, కానీ దాన్ని చెప్పినావిడని సీరియల్ ఆ క్షణం నుంచే ప్రమాదకరమైన మనిషిగా చూపిస్తుంది."

చూశారా, కథ ఒక వాక్యం కూడా పట్టలేదు. 'మంత్రి చేత అనిపించి ఉంటే' అన్న చోట మలుపు తిరిగింది. దీన్ని మేం మార్చి చూడటం అంటాం. ఒక్క ముక్క తీసి ఇంకోటి పెట్టి చూడండి, అర్థం ఎక్కడ కదులుతుందో అక్కడ విశ్లేషణ ఉంది. ఏదీ కదలకపోతే ఆ వివరం వదిలేయండి.

ఈ ముసలావిడే తర్వాత లేడీ హెలెన్ అనే అందమైన గాయని రూపం ఎత్తి కోటలోకి వస్తుంది. అద్దంలో మాత్రం అసలు ముఖం కనిపిస్తూ ఉంటుంది. విందులో ఆవిడ పాడుతుంటే సభంతా మత్తులోకి జారుకుంటుంది, కూర్చున్నవాళ్ల మీద సాలెగూళ్లు కమ్ముకుంటాయి. మెర్లిన్ చెవులు మూసుకుని మేలుకుంటాడు, పైనున్న దీపాల గుత్తిని ఆవిడ మీద పడేస్తాడు. పడగానే యవ్వనం పోయి ముసలి రూపం బయటపడుతుంది.

ఒక్కసారి ఈ సీన్‌ని కేవలం వినండి. నేను క్లాసులో స్క్రీన్ మీద దుప్పటి కప్పేస్తాను, పిల్లలు నవ్వుతారు గానీ పని చేస్తుంది. పాట ఆ సభలోనే పుడుతోంది, అంటే పాత్రలకీ వినపడుతోంది, మనకీ వినపడుతోంది. మామూలుగా నేపథ్య సంగీతం మనల్ని హెచ్చరిస్తుంది, పాత్రలకి తెలియదు. ఇక్కడ తియ్యని పాటే ఆయుధం. ఆడగొంతు అందంగా ఉంది కాబట్టి ప్రమాదం అన్న పాత నమ్మకం, గ్రీకుల సైరన్ల నాటిది, ఎవరూ నోటితో చెప్పకుండానే ఇందులోకి వచ్చి కూర్చుంది.

ఇక చూపు సంగతి. చెడ్డతనం 'బయటపడటం' అంటే ముసలితనం బయటపడటం అని ఈ సీన్ చెబుతోంది. ముడతలే నేరానికి సాక్ష్యం. అదే ఎపిసోడ్‌లో ఇద్దరు ముసలి మగవాళ్లున్నారు, వైద్యుడు గైయస్, జాన్ హర్ట్ గొంతు ఇచ్చిన డ్రాగన్. ఇద్దరికీ వయసు జ్ఞానం కింద లెక్క. వయసుకి ఒక అర్థం లేదు, వయసు ప్లస్ ఆడా మగా కలిస్తేనే అర్థం వస్తోంది. 'ముసలి మంత్రగత్తె అనేది సహజమే కదా' అనిపిస్తే మన పేదరాశి పెద్దమ్మని గుర్తు చేసుకోండి. మన కథల్లో దారి తప్పిన రాకుమారుడికి అన్నం పెట్టి, ఊళ్లో సంగతులు చెప్పి, దారి చూపించేది ఆవిడే. ముసలావిడని అలా కూడా చూపించవచ్చని మనకి చిన్నప్పటి నుంచీ తెలుసు. కాబట్టి ఇది ఎంపిక. పిల్లలు ఈ పోలిక వినగానే తలెత్తి చూస్తారు, ఇంగ్లీషు పిల్లలు కూడా.

హోదా గురించి రాయాలంటే మెర్లిన్, యువరాజు ఆర్థర్ మొదటి రెండుసార్లు ఎదురుపడ్డ సీన్లు చాలు. యువరాజు సరదాకి ఒక నౌకరు మీదికి కత్తులు విసురుతూ ఉంటాడు, పాపం ఆ నౌకరు గురి బోర్డు మోసుకుంటూ పరిగెడుతుంటాడు. మెర్లిన్ అడ్డుపడతాడు. రెండోసారి ఎదురుపడ్డప్పుడు, ఇంత వెధవగా తయారవడానికి ఎన్నాళ్లు ట్రైనింగ్ తీసుకున్నావని అడుగుతాడు. నాతో అలా మాట్లాడకూడదంటాడు ఆర్థర్. మెర్లిన్ అదే ప్రశ్న మళ్లీ వేసి చివర్లో 'ప్రభూ' అని చేరుస్తాడు. జోకంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. తెలుగువాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, 'మీరు' అంటూనే తిట్టడంలో మనం డాక్టరేట్లు చేశాం. గౌరవ వాచకం పెట్టాడు, గౌరవం తీసేశాడు. బట్టలు కూడా గమనించండి, ఒకడి మెడలో రుమాలు, ఇంకొకడి ఒంటి మీద కవచం. ఆ రాజవంశం గుర్తు ఎర్రటి గుడ్డ మీద బంగారు డ్రాగన్. అదే కోట కింద గుహలో అసలు డ్రాగన్ గొలుసులతో పడి ఉంది. బొమ్మగా ఉంటే జెండా, ప్రాణంతో ఉంటే ఖైదీ. నా పాత స్టూడెంట్ ఒకమ్మాయి రాసిన మాట ఇది, నేను అప్పటికి ఆ ఎపిసోడ్ పదిసార్లు చూసి కూడా పట్టుకోలేకపోయాను.

చివర్లో మెర్లిన్ యువరాజు ప్రాణం కాపాడతాడు. విసిరిన కత్తి గాల్లో ఉండగానే కాలం నెమ్మదిస్తుంది, ఇతను ఆర్థర్‌ని పక్కకి లాగేస్తాడు. రాజు సంతోషించి గొప్ప బహుమతి ప్రకటిస్తాడు: యువరాజుకి నౌకరుగా ఉద్యోగం! ఇద్దరి మొహాలూ మాడిపోతాయి, మనం నవ్వుతాం. ఆ నవ్వు దగ్గర ఆగండి. ఒక పేద కుర్రాడికి ఇవ్వదగ్గ అతి పెద్ద వరం సేవ చేసే అవకాశం అని ఆ రాజు నిజంగా నమ్ముతున్నాడు. కామెడీగా చెప్పడం వల్ల విమర్శా చేశారు, నొప్పీ తగ్గించారు. రెండూ రాయండి, ఏదో ఒకటే రాయాలని లేదు.

గ్వెన్ (గినివీర్‌కి ముద్దుపేరు) సంగతి కొంచెం జాగ్రత్తగా రాయాలి. ఐరోపా కథల్లో తరతరాలుగా తెల్లటి మహారాణిగా చూపించిన గినివీర్ పాత్రకి శ్వేతజాతి కాని నటి ఏంజెల్ కూల్బీని తీసుకున్నారు. సీరియల్‌లో ఆమె రంగు గురించి చర్చే ఉండదు. ఇది మంచి అడుగు అని ఒక వాదన. కానీ ఆమెని పనిపిల్లగా మార్చారు, అదీ రాజు పెంచుకుంటున్న తెల్లటి మోర్గానాకి. రంగు గురించి మాట్లాడకపోయినా ఫ్రేమ్‌లో ఎవరు ఎవరి జడ వేస్తున్నారో మన కంటికి కనబడుతూనే ఉంటుంది. తర్వాత ఆమె నాలుగో సీజన్ చివర రాణి అవుతుంది, ఐదో సీజన్ చివర ఆర్థర్ పోయాక తానే రాజ్యం ఏలుతుంది. నా అభిప్రాయం అడిగితే, మొదటి ఎపిసోడ్ ఒక్కటే చూసి 'జాత్యహంకారం' అని రాయడం తొందరపాటు, ఐదు సీజన్లూ చూసి 'అంతా బాగుంది' అని రాయడం మొహమాటం.

ప్రతి లో యాంగిల్‌కీ (కెమెరా కిందనుంచి పైకి చూసే షాట్) 'అధికారం' అని రాయకండి. ఇది పాఠ్యపుస్తకం చేసిన చెరుపు. డ్రాగన్ గుహలో మెర్లిన్ చిన్న చుక్కలా ఉంటాడు, డ్రాగన్ కొండలా పైన ఉంటుంది. ఇంత గొప్ప విధికి నువ్వెంత చిన్నవాడివి అని అది వెటకారం కూడా చేస్తుంది. మరి అధికారం ఎవరిది? కట్టేసి ఉన్నది అదే కదా. గొలుసు ఫ్రేమ్‌లో ఉన్నంతసేపూ ఎత్తు అబద్ధం చెబుతుంది. షాట్‌కి డిక్షనరీ అర్థం ఉండదు, పక్కన ఏముందో చూసి చెప్పాలి.

యాస గురించి మీ సార్ ప్రత్యేకంగా అడగకపోయినా ఒక పేరా పెట్టండి, ఎవరూ రాయరు. 'గేమ్ ఆఫ్ థ్రోన్స్'లో ఉత్తరాది స్టార్క్ కుటుంబం ఉత్తర ఇంగ్లండ్ యాసలో, లానిస్టర్లు దక్షిణాది పెద్దింటి యాసలో మాట్లాడతారు. ఆ లోకంలో ఇంగ్లండే లేదు! అయినా నిజాయితీ, మొరటుతనం ఒకవైపు, డబ్బు, జిత్తులు ఒకవైపు అని చెవికి చెప్పేశారు. మన సినిమాల్లో ఎన్నో ఏళ్లు హీరోకి కోస్తా భాష, రౌడీకీ కమెడియన్‌కీ తెలంగాణ యాస పెట్టిన సంగతి తెలిసినవాళ్లకి ఇది అర్థం కావడానికి అర నిమిషం పట్టదు.

ఆ సీరియల్ నుంచే ఇంకో ఉదాహరణ, ఎందుకంటే మీరు ఉద్దేశం, ఫలితం ఒకటే అనుకుంటున్నట్టున్నారు. మీ ప్రశ్నలో 'దర్శకుడు అలా అనుకుని ఉండడు కదా' అని రాశారు. 2013లో వచ్చిన మూడో సీజన్ ఆఖరి సీన్‌లో డెనెరిస్ అనే రాకుమారి విడిపించిన బానిసలు ఆమెని అమ్మా అని పిలుస్తూ చేతుల మీదికి ఎత్తుకుంటారు. కెమెరా పైకి లేస్తుంది. మధ్యలో తెల్లటి ఒకే ఒక్క మనిషి, చుట్టూ పేర్లు లేని గోధుమరంగు చేతులు. చాలా విమర్శలొచ్చాయి. పుస్తకంలో బానిసలు అన్ని జాతులవాళ్లూ ఉంటారు, షూటింగ్ మొరాకోలో జరిగింది కాబట్టి ఎక్స్‌ట్రాలు అక్కడివాళ్లే అయ్యారు అని మూల రచయిత జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్ వివరణ ఇచ్చాడు. ఆ వివరణ నిజమే. కానీ అది ఆ ఫ్రేమ్ ఎలా తయారైందో చెబుతుంది, చూసినవాడికి ఏం చెబుతుందో కాదు. మొదటిది ఇండస్ట్రీ ప్రశ్న, రెండోది రిప్రజెంటేషన్ ప్రశ్న. మీ పేపర్‌లో రెండూ వేర్వేరు వాక్యాల్లో ఉండాలి.

ఇండస్ట్రీ అంటే గుర్తొచ్చింది. 'మెర్లిన్' 2008 సెప్టెంబరు 20న మొదలై 2012 డిసెంబరు 24 దాకా 65 ఎపిసోడ్లు వచ్చింది, బీబీసీ వన్‌లో ఎక్కువగా శనివారం సాయంత్రాలు, ఇంటిల్లిపాదీ కూర్చుని చూసే వేళ. బ్రిటన్‌లో పెద్దల సరుకు రాత్రి తొమ్మిది దాటాకే వెయ్యాలి. అందుకే ఇక్కడ హింస ఎక్కువగా చూసేవాళ్ల మొహాల్లో కనబడుతుంది. దీన్ని ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి, మీ అసైన్‌మెంట్ దాని గురించి కాదు.

సిద్ధాంతకర్తల పేర్లు ఎన్ని పెట్టాలని కూడా అడిగారు. ఒకరు చాలు, అదీ పనికొస్తేనే. మెర్లిన్‌కి మంత్రశక్తి పుట్టుకతో వచ్చింది, దాచుకోకపోతే ప్రాణం పోతుంది, ప్రాణ స్నేహితుడికి కూడా చెప్పుకోలేడు. ఇది స్వలింగ ప్రేమికుల జీవితంలా ఉందని చాలామంది ప్రేక్షకులు అర్థం చేసుకున్నారు. ఇక్కడ స్టువర్ట్ హాల్ పనికొస్తాడు. తయారుచేసినవాళ్లు ఒక అర్థం పెడతారు, చూసేవాళ్లు దాన్ని ఒప్పుకోవచ్చు, బేరమాడవచ్చు, కాదనవచ్చు అన్నాడాయన. బార్త్, టొడొరోవ్, లెవీ-స్ట్రాస్ ముగ్గురినీ వరసపెట్టి పెళ్లి పిలుపుల్లా పిలిస్తే దిద్దేవాళ్లకి విసుగొస్తుంది. నా మొదటి ఏడాది నేనే పిల్లలకి అలా నేర్పాను. మా బ్యాచ్ మార్కులు చూసి సీనియర్ టీచర్ ఒకావిడ నన్ను పక్కకి పిలిచి "వీళ్లకి పేర్లన్నీ వచ్చు, ఎపిసోడ్ మాత్రం చూసినట్టు లేరు" అంది. ఆ రోజు టెన్షన్‌తో ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు.

మళ్లీ రాసేటప్పుడు ఇలా చెయ్యండి. మొదటిసారి పెన్ను ముట్టకుండా చూడండి. రెండోసారి శబ్దం మాత్రమే. మూడోసారి శబ్దం తీసేసి, కట్ పడ్డ (ఒక షాట్ పోయి ఇంకో షాట్ వచ్చిన) ప్రతిసారీ కాగితం మీద గీత పెట్టండి. గీతలు ఒత్తుగా పడ్డ చోటూ, చాలాసేపు పడని చోటూ మీ క్షణాలు ఉంటాయి. నాలుగోసారి అక్కడక్కడే ఆపి రాయండి. విందు సీన్‌తో మొదలుపెట్టండి, సౌండ్, ఎడిటింగ్, వయసు, ఆడా మగా అన్నీ అందులోనే ఉన్నాయి.

మోర్గానా మీద రాయాలని మనసు లాగుతుంది, తెలుసు. అదే శక్తి ఉన్న మగవాడు దాచుకుని రాజుకి సేవ చేస్తే హీరో, ఆడది సింహాసనం అడిగితే నల్లబట్టలూ చింపిరి జుట్టూ వచ్చేస్తాయి. మంచి పాయింటే, కానీ అది తర్వాతి సీజన్ల సరుకు. మొదటి ఎపిసోడ్‌లో ఆమె ఆ శిక్షని కిటికీలోంచి చూస్తూ ఉంటుంది. కిటికీ చట్రం, లోపల ఆమె, బయట రాజు న్యాయం. దాని మీద ఒక పేరా రాసి ఇక్కడ పెట్టండి, ఈ వారాంతంలో చూసి చెప్తాను.